పోగు తెగితే ఆగే బండి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా తమ్ముని కొడుకు రెండు జిరాక్సు కాగితాలు పట్టుకొని ఇంటికి వచ్చాడు. రెండూ పాత బండ్ల ఆర్సీ బుక్కులవి. ఒకటి అమెరికా కంపెనీ వాళ్ళ ఏడు సీట్ల బండి, 2016ది. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ధర నాలుగు లక్షల అరవై వేలు. రెండోది జపాను వాళ్ళ ఇన్నోవా, 2014ది. రెండు లక్షల ముప్పై వేలు తిరిగింది. ధర ఆరు లక్షల ఇరవై వేలు.

వాడి లెక్క వాడు ముందే వేసుకొని వచ్చాడు. "చూడు పెద్దబాపూ, అమెరికాది రెండేండ్లు కొత్తది. తిరిగింది సగమే. మీదికెళ్ళి లక్షా అరవై వేలు తక్కువ. ఇంక అడుగుడెందుకు? అమ్మనే నిన్ను అడిగిరమ్మన్నది."

వాళ్ళమ్మ, అంటే మా మరదలు, గడప దగ్గరే నిలబడ్డది. ముప్పై ఒక్క ఏండ్లు బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. పీఎఫ్ పైసలు రెండు లక్షల నలభై వేలు చేతికొచ్చాయి. రెండు బంగారు గాజులున్నాయి. మిగతాది ఫైనాన్సు. కొడుకు బండి కొని అక్కలకోట, తుల్జాపూర్, పండరీపూర్, గాణగాపూర్ యాత్రల కిరాయిలు కొడతానంటున్నాడు. పెండ్లిళ్ళ సీజనులో సిరిసిల్ల, సిద్దిపేట, వరంగల్ దాకా మనవాళ్ళ ప్రయాణాలు ఎట్లాగూ ఉంటాయి.

"బావా, నాకు బండ్ల సంగతి ఎరుక లేదు. ఈ పైసలు పోతే మళ్ళా రావు. నాకు తెలిసింది గంతే" అన్నది మరదలు.

అందుకే ఈ నెల ఈ పేజీలో అమెరికా బండి, జపాను బండి ముచ్చట. మన షోలాపూర్ పూర్వభాగంలో టీ బండి దగ్గర నిలబడితే రోజుకొకసారైనా ఈ పంచాయితీ వినిపిస్తుంది. ఒకడు ఇనుము బలమంటాడు, ఒకడు మైలేజీ అంటాడు. ఇద్దరి చేతిలో ఉండేది మాత్రం పాత టీవీఎస్ తాళంచెవి.

ముందుగా నా ఇష్టం చెప్పేస్తాను, దాచడం ఎందుకు. నాకు అమెరికా బండ్లంటేనే ఇష్టం. మిల్లు మూతబడ్డాక పదిహేడేండ్లు డ్రైవరు పని చేశాను. మొదట నడిపింది జీపు. ఆ జీపు రూపం అమెరికా వాళ్ళదే. రెండో యుద్ధంలో వాళ్ళ సైన్యానికి చేసిన విల్లీస్ బండిని 1940ల చివర మహీంద్రా వాళ్ళు ముంబైలో బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సేట్ల దగ్గర రకరకాల బండ్లు నడిపాను. అమెరికా కంపెనీ బండిలో కూర్చుంటే గద్దె మీద కూర్చున్నట్టే. తలుపు వేస్తే దబ్బుమంటుంది. ఏడుగురు ఎక్కినా, పైన సామాను కట్టినా, ఎత్తు మీద కాలు కొంచెం నొక్కితే చాలు, వెనకనుంచి ఎవరో తోసినట్టు లాగుతుంది. నల్దుర్గ్ దాటాక ఖాళీ రోడ్డు మీద నూరులో పోతున్నా స్టీరింగు చేతిలో వణకదు. జపాను బండి అట్లా కాదు. తేలిక. చెప్పినట్టు వింటుంది, కానీ ఉరకదు. పెండ్లివాళ్ళ బండి అనుకోండి, జాగ్రత్తగా దించుతుంది.

ఈ తేడా ఊరికే రాలేదు. అమెరికాలో దూరాలెక్కువ, రోడ్లు వెడల్పు, పెట్రోలు మొదటినుంచీ చవక. ఫోర్డు వాళ్ళ ఎఫ్ సిరీస్ అనే సామాన్ల ట్రక్కు 1977 నుంచి అక్కడి ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. అట్లాంటి దేశంలో ఇంజినుకు బలం చూస్తారు. జపానులో సందులు ఇరుకు, నూనె అంతా బయటినుంచి కొనుక్కోవాలి. చిన్న బండ్లకు వాళ్ళు వేరే తరగతే పెట్టి పన్ను తగ్గించారు. ఆ తరగతి బండి ఇంజిను ఇప్పటికీ 660 సీసీ దాటొద్దు. 1983 డిసెంబరులో మన దేశంలో బయటికొచ్చిన మారుతి 800 కూడా సుజుకీ వాళ్ళ చిన్న కారే, 796 సీసీ. జొన్న గొప్పదా, వరి గొప్పదా అంటే ఏం చెప్తాం? ఏ నేలలో పండిందో అడగాలి.

తలుపు చప్పుడు సంగతి మాత్రం నమ్మొద్దని మా పిల్లగానికి గట్టిగా చెప్పాను. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే చిన్న కార్లను గోడకు గుద్దించి చూసింది. ఎయిర్ బ్యాగులు లేని ఫోర్డు ఫిగోకు పెద్దవాళ్ళ రక్షణలో సున్నా చుక్కలు. మారుతి ఆల్టో 800కూ సున్నానే. దబ్బుమన్నదీ సున్నా, టప్పుమన్నదీ సున్నా.

నా ఇష్టం ఎంత ఉన్నా, ఒక రాత్రి మాత్రం మరిచిపోలేను. పదేండ్లు దాటింది. సేటు బండిలో పెండ్లివాళ్ళను సిరిసిల్లకు తీసుకుపోతున్నాను. కంపెనీ పేరు రాయను, అమెరికాదని మాత్రం చెప్తాను. హుమ్నాబాద్ దగ్గర బండి ఆగిపోయింది. ఇంజిను బాగుంది, డీజిల్ ఉంది, బ్యాటరీ ఉంది. బొటనవేలంత సెన్సారు పోయిందట. అది హుమ్నాబాద్‌లో లేదు, జహీరాబాద్‌లో లేదు. పెండ్లికూతురి మేనత్తను, ముగ్గురు పిల్లలను రాత్రి పదకొండు గంటలకు లారీ ఎక్కించి పంపాను. పార్టు వచ్చేసరికి ఆరు రోజులైంది. ఆ ఆరు రోజుల కూలి సేటు నాకు ఇవ్వలేదు. బండి నడవలేదు గదా అన్నాడు. సాంచా నడవని రోజు మనకు కూలి రానట్టే.

ఇన్నేండ్లు నేను దీన్ని అదృష్టం అనుకున్నాను. ఒక దేశం బండి బాగుంటుంది, ఇంకో దేశం బండి సతాయిస్తుంది, అంతే అనుకున్నాను. తర్వాత టొయోటా కంపెనీ పుట్టుక గురించి చదివాను. చదివాక ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. ఎందుకంటే అది బండ్ల కథ కాదు, మన కథ.

టొయోటా బండి మగ్గాల షెడ్డులో పుట్టింది.

సకిచి టొయోడా అనే ఆయన 1867లో ఒక వడ్రంగి ఇంట్లో పుట్టాడు. పల్లెలో ఆడవాళ్ళు మగ్గం మీద పడే కష్టం చూసి చెక్క మగ్గాన్ని బాగుచేసే పనిలో పడ్డాడు. 1896లో పవర్ మగ్గం చేశాడు. అందులో పేక పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోయేది. 1924 నాటికి ఆయన చేసిన జీ రకం మగ్గం ఇంకా ముందుకు పోయింది. నడుస్తుండగానే కండె అయిపోయిన నాడెను తీసేసి కొత్త నాడె పెట్టుకునేది. పడుగులో ఒక్క పోగు తెగినా నిలబడిపోయేది.

మిల్లులో పనిచేసినవాళ్ళకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెప్తాను. ప్రతి పడుగు పోగు మీద సన్నని ఇనుప రేకు ఒకటి వేలాడుతుంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైన ఉంటుంది. పోగు తెగితే రేకు కింద పడుతుంది, సాంచా ఆగుతుంది. ఆ రేకులు లేని పాత సాంచా అయితే ఆగదు. పోగు తెగిన సంగతి తెలియకుండా నేసుకుంటూ పోతుంది. మనం ఇంకో సాంచా దగ్గర ఉంటాం. తిరిగొచ్చేసరికి గజం బట్టలో పొడుగునా గీత. సాయంత్రం బట్ట చూసే గుమస్తా ఆ గీత మీద వేలు పెట్టి డ్యామేజీ అంటాడు, కూలిలో కోస్తాడు. నాకు పెండ్లయిన మొదటి దీపావళికి వచ్చిన కూలిలో కోత ఎంతో ఇప్పటికీ గుర్తుంది. అది ఇక్కడ రాస్తే మా ఆమె నవ్వుతుంది.

అమెరికా వాళ్ళను తక్కువ చేయొద్దు. టొయోడా కంటే ముప్పై ఏండ్ల ముందే మసాచుసెట్స్ రాష్ట్రం హోప్‌డేల్‌లో డ్రేపర్ కంపెనీ నార్త్‌రప్ మగ్గం అమ్మింది. అది నాడెను మార్చదు. నాడె నడుస్తుండగానే అందులో ఖాళీ కండెను కిందికి కొట్టి కొత్త కండె దించుతుంది. పడుగు తెగితే ఆగే ఏర్పాటు అందులోనూ ఉంది. అంటే ఆగే తెలివి అమెరికాకూ ఉన్నదే. జపానువాళ్ళు చేసిందేమిటంటే, ఆ ఆగే పద్ధతిని మగ్గంతోనే వదిలేయక బండ్ల కార్ఖానాలోకి తీసుకుపోయారు.

1929లో ఇంగ్లండు ఓల్డమ్ పట్నపు ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఆ మగ్గం హక్కుల కోసం లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. మన దేశపు పాత మిల్లుల్లో ఆ కంపెనీ యంత్రాలు చాలా ఉండేవి. తెల్లదొరలు మనకు యంత్రాలమ్మేవాళ్ళు. వాళ్ళకు వడ్రంగి కొడుకు మగ్గం అమ్మాడు! సకిచి కొడుకు కిచిరో మోటారు బండ్ల పని అందుకున్నాడు. 1933లో మగ్గాల కంపెనీలోనే బండ్ల విభాగం పెట్టాడు. గురువులెవరు? అమెరికా వాళ్ళే. షెవర్లే ఇంజిను కొని విప్పి, ప్రతి ముక్కను కొలిచి, అట్లాంటిది పోత పోశారు. 1935లో వచ్చిన వాళ్ళ మొదటి ట్రక్కు దారిపొడుగునా ఆగేది. కంపెనీ మనుషులే పోయి రోడ్డు మీద బాగుచేసేవాళ్ళు. 1937లో టొయోటా మోటార్ కంపెనీ వేరే పడింది.

సుజుకీ కూడా అంతే. మిచియో సుజుకీ 1909లో హమామత్సులో పెట్టింది మగ్గాల కార్ఖానా. మోటారు సైకిలు, కారు అంతా 1950లలో వచ్చిన ముచ్చట. మన వాడలో తిరిగే ప్రతి మారుతి వ్యాను వెనక ఒక మగ్గముంది.

ఇంకొకాయన ఉన్నాడు, తయిచి ఓనో. టొయోటా పని పద్ధతిని తీర్చిదిద్దింది ఆయనే. ఆయన 1932లో చేరింది టొయోడా నూలు, నేత మిల్లులో. 1943లో బండ్ల కార్ఖానాకు వచ్చాడు. అక్కడ ఒక మనిషి ఒక యంత్రం ముందే నిలబడి ఉండడం ఆయనకు వింతగా తోచింది. మిల్లులో ఒక ఆడమనిషి ఎన్నో సాంచాలు చూసుకోవడం అలవాటైన కన్ను గదా. ఇక్కడా ఒక మనిషికి రెండు యంత్రాలు, మూడు యంత్రాలు అప్పగించాడు.

ఇది చదివినప్పుడు నా మనసు చివుక్కుమన్నది. ఒకరికి రెండు సాంచాలా, నాలుగా, ఆరా అనే మాట మీద మన పెద్దలు ఎన్ని గేటు మీటింగులు పెట్టారు! తనంతట తాను ఆగే సాంచా మంచిదే, బట్టలో గీత పడదు. కానీ అది ఆగుతుంది గనకనే, పక్కన మనిషి అక్కరలేదని యజమాని లెక్క వేస్తాడు. జీ రకం మగ్గాలు ఒక్కరే ముప్పైకి పైగా చూసుకోవచ్చని వాళ్ళే గొప్పగా చెప్పుకున్నారు. మిగతా మనుషులు ఎటు పోయారో ఆ పుస్తకాల్లో రాయలేదు. 1950లో టొయోటాలోనూ పైసలు లేక మనుషులను తీసేశారు, సమ్మె జరిగింది, కిచిరో రాజీనామా చేశాడు. అప్పుడు కొరియా యుద్ధం వచ్చి, అమెరికా సైన్యం ట్రక్కులు కొని కంపెనీని నిలబెట్టింది. ఆ ఏడాదే డెమింగ్ అనే అమెరికా లెక్కల పండితుడు జపానుకు పోయి, నాణ్యతను అంకెలతో ఎట్లా పట్టుకోవాలో అక్కడి ఇంజనీర్లకు నేర్పాడు. ఆయన పేరు మీద 1951 నుంచి జపానువాళ్ళు బహుమతి ఇస్తున్నారు. ఇంటి పెద్ద మాట ఇంట్లో వినరు, పక్కింటివాళ్ళు వింటారు.

1982 సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడు జనవరిలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. మనవాళ్ళు ఎంతమంది ముల్లె కట్టుకొని షోలాపూర్‌కు, భీవండికి, సొంతూళ్ళకు తిరిగొచ్చారో ఈ పత్రిక చదివే ప్రతి ఇంటికీ తెలుసు. అదే ఏడు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ఖానా మూతబడింది. అక్కడి పనివాళ్ళకు చెడ్డ పేరు. ఐదుగురిలో ఒకరు పనికి రారు, తాగి వస్తారు, కావాలనే బండ్లు చెడగొడతారు అని. మూతబడ్డప్పుడు అంతా పనివాళ్ళ మీదే పెట్టారు. విన్న మాటేనా?

అప్పటికి చిన్న జపాను కార్లు అమెరికాలో బాగా అమ్ముడుపోయి, అక్కడి పనివాళ్ళ ఉద్యోగాలు ఊడుతున్నాయి. ఆ కోపంతో 1982 జూన్‌లో డెట్రాయిట్ దగ్గర ఇద్దరు విన్సెంట్ చిన్ అనే పిల్లవాణ్ణి బేస్‌బాల్ కర్రతో కొట్టి చంపారు. ఒకడు కార్ల కార్ఖానా సూపర్వైజరు, ఇంకొకడు పని పోయినవాడు. చిన్ జపానువాడు కూడా కాదు, చైనా మూలాలవాడు. కొట్టినవాళ్ళు జైలుకు పోలేదు, మూడు వేల డాలర్ల జరిమానా పడింది. బయటివాళ్ళొచ్చి మా పని తిన్నారనే మాట ఎటు పోతుందో మనలాంటి పరాయి రాష్ట్రంలో బతికేవాళ్ళకు ఒకరు చెప్పాల్నా?

ఫ్రీమాంట్ కథ మాత్రం అక్కడ ఆగలేదు. 1984లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి ఆ కార్ఖానాను తెరిచాయి. నడిపే బాధ్యత టొయోటాది. తీసుకున్నది ఎక్కువమంది ఆ పాత మనుషులనే, ఆ పాత యూనియన్‌నే. కొందరిని జపాను పంపి పని చూపించారు. లైను పొడుగునా తలపైన ఒక తాడు కట్టారు. బోల్టు సరిగ్గా పడకపోతే ఏ పనివాడైనా తాడు లాగొచ్చు. గ్రూపు లీడరు ఉరికొస్తాడు. అప్పటికీ సరికాకపోతే లైను ఆగుతుంది. ఇంతకుముందు అదే షెడ్డులో లైను ఆపడం మహాపాపం. బండి ఎట్లా ఉన్నా ముందుకు పోవాలి, తప్పుంటే చివర్లో చూసుకుందాం అనేవాళ్ళు. తాడు కట్టాక కొద్దికాలంలోనే అక్కడి బండ్లు జనరల్ మోటార్స్ కార్ఖానాలన్నిటిలో మంచివాటిలో చేరాయి. అదే ఊరు, అవే చేతులు. మారింది మేనేజిమెంటు.

సిరిసిల్ల నుంచి వచ్చిన మా మేనమామ మిల్లులో ఉన్నప్పుడు ఒకసారి సాంచా ఆపి, జాబరును పిలిచి, దారం పచ్చిగా ఉంది, తెగుతున్నది అని చెప్పాడు. సాంచా ఎందుకు ఆపినవని అడిగారు గానీ, దారం ఎందుకు తెగుతున్నదని ఎవరూ అడగలేదు.

అట్లాగని జపానువాళ్ళు దేవుళ్ళేం కాదు. 2009, 2010లలో బండ్లు తమంతట తామే ఉరుకుతున్నాయనే ఫిర్యాదుల మీద టొయోటా లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆ ఇంటి మనవడు అకియో టొయోడా అమెరికా చట్టసభ ముందు కూర్చొని, మేం మరీ వేగంగా పెరిగిపోయాం అని ఒప్పుకున్నాడు. నిజం దాచినందుకు 2014లో ఆ కంపెనీ నూట ఇరవై కోట్ల డాలర్లు కట్టింది. అదే 2014లో జనరల్ మోటార్స్ తాళంచెవి స్విచ్చు సంగతి బయటపడింది. నడుస్తుండగా స్విచ్చు జారి ఇంజిను ఆగేది, ఎయిర్ బ్యాగు తెరుచుకునేది కాదు. 124 మంది చావులకు పరిహారం ఇచ్చారు. ఆ లోపం కంపెనీలో కొందరికి పదేండ్ల కిందటే తెలుసు. తాడు ఉన్నా లాగకపోతే ఏం లాభం, లేకపోతే సరే సరి.

ఇంకో చిత్రం. అమెరికా బండి, జపాను బండి అని గీత గీయడమే కష్టం. మన రోడ్ల మీద షెవర్లే బొమ్మ పెట్టుకొని తిరిగిన తవేరా లోపల జపాను ఇసుజు వాళ్ళ బండి. హోండా వాళ్ళు 1982 నుంచి అమెరికాలోని ఒహాయోలో కార్లు చేస్తున్నారు. మన వాడ నుంచి అమెరికా పోయిన ఒక పిల్లవాడు పాత క్యామ్రీ కొన్నాడని వాళ్ళ నాయన చెప్పాడు. అమెరికా పోయి జపాను బండి కొన్నాడని నవ్వాం. అది కెంటకీ రాష్ట్రంలో అమెరికా పనివాళ్ళు బిగించిందేనేమో, ఎవరికెరుక.

సరే, మా పిల్లగాని పంచాయితీకి వస్తాను. ఇద్దరం కలిసి రెండు బండ్లనూ మాకు తెలిసిన మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. పొద్దున ఆరింటికే తెమ్మన్నాను. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే దాని గుణం తెలుస్తుంది. అమ్మేవాడు ముందే వేడి చేసి పెడితే అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తీసి చూడాలి, అక్కడినుంచి పొగ కొడుతుంటే ఇంజిను అరిగినట్టు. వెనక నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. నాలుగు టైర్ల అరుగుదల ఒక్కతీరుగా లేకపోతే బండి ఎక్కడో గుద్దుకొని ఉండొచ్చు. మీటరు మీది కిలోమీటర్లను నమ్మొద్దు. క్లచ్చు పెడల్ రబ్బరును, డ్రైవరు సీటును చూడండి, అవి అబద్ధం చెప్పవు. పర్మిట్ ఇంకా ఎన్నేండ్లు వస్తుందో ఆర్టీవోలో అడగనిదే బయానా ఇవ్వొద్దు.

అమెరికా బండి మొదటి తిప్పుకే స్టార్టయింది. పొగ లేదు. నేను నడిపి చూశాను. ఏం లాగుడు! అక్కలకోట రోడ్డు మీద నా వయసు ఇరవై ఏండ్లు తగ్గింది. దిగి, కొనేద్దాం అనబోయాను, నిజంగా. మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "బండి మంచిదే. రేపు పార్టు కావాలంటే ఎవరిని అడుగుతావ్?"

జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా మన దేశంలో బండ్ల అమ్మకం ఆపింది. ఫోర్డు కూడా ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. పోయేటప్పుడు రెండు కంపెనీలూ సర్వీసు, పార్టులు ఇస్తామనే చెప్పాయి. మిస్త్రీ కూడా దొరకవని అనలేదు. "దొరుకుతయి. ఆర్డరు పెడితే వస్తయి. నీ యాత్రవాళ్ళు అప్పటిదాకా కూసుంటరా?" అన్నాడు. సొంతానికి, నెలకు రెండుసార్లు ఊరికి పోవడానికైతే నేనే ఆ బండి కొనమని చెప్పేవాణ్ణి. తక్కువ ధరకు అంత మంచి బండి రాదు. కిరాయి బండికి మాత్రం నిలబడ్డ ప్రతి రోజూ ఫైనాన్సు కిస్తీ నడుస్తూనే ఉంటుంది.

ఇన్నోవాకు రోగాలు లేవని కాదు. టైమింగ్ బెల్టు మార్చాలన్నాడు. ముందు చక్రాల దగ్గర బుష్షులు పోయాయి. ఒక ఇంజెక్టరు అనుమానం, అది ఖరీదైన పని. కానీ ఒక్కొక్కటి ఎంత అవుతుందో, ఏ దుకాణంలో దొరుకుతుందో కాగితం మీద రాసి ఇచ్చాడు. పార్టు లేక బండి ఆగే పని లేదు. ఆ కాగితం చూపించి అమ్మేవాడి దగ్గర ముప్పై ఐదు వేలు తగ్గించాం.

పిల్లగాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడి దోస్తులు పాత బండికి ఎక్కువ పెట్టినవని ఎక్కిరించారట. మరదలు మాత్రం ఒక్కటే అడిగింది. "బావా, నడిమిట్ల ఆగితే బాగుచేసేటోడు దొరుకుతడా?" దొరుకుతాడన్నాను. గాజులు తీసి ఇచ్చింది.

మొదటి కిరాయి గాణగాపూర్. మన వాడ ఆడవాళ్ళే, ఆరుగురు. మరదలిని, నన్ను ఊరికే ఎక్కించుకున్నారు. వచ్చేటప్పుడు నేను నడిపాను. మెత్తగా పోతున్నది, ఏ పేచీ లేదు. అయినా ఎత్తు వచ్చినప్పుడల్లా నా కాలు ఆ అమెరికా బండి లాగుడును వెతుక్కున్నది, ఏం చేస్తాం. అక్కలకోట దాటాక వెనకనుంచి టకటక చప్పుడు మొదలైంది. "ఇంటికి పోయినంక చూద్దాం తీ పెద్దబాపూ, చీకటి పడుతున్నది" అన్నాడు పిల్లగాడు. మరదలు వెనకసీటు నుంచి "ఆపు బావా" అన్నది.

ఆపాను. అందరూ దిగారు. పిల్లగాడు ఫోను లైటు వేసి చక్రాలన్నీ తట్టి చూశాడు, బండి కిందికి దూరి చూశాడు. చివరికి వెనక తలుపు తీస్తే, జాకీ బెల్టు ఊడి రేకుకు కొట్టుకుంటున్నది. పూజ కొబ్బరికాయల సంచి తాడు విప్పి జాకీని కట్టేశాం. కొబ్బరికాయలు మా మరదలు ఒడిలో పెట్టుకుంది.